మొదటిసారి విశాఖ వెళ్తున్నారా? ఇంటి దగ్గర నుంచి తిరుగు బస్సు దాకా

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉన్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు విశాఖ వెళ్లాల్సిన పని పడుతుంది. పెద్దాసుపత్రికి రాశారనో, పిల్లకి కాలేజీలో సీటొచ్చిందనో, గాజువాకలో పని దొరికిందనో, సింహాచలం మొక్కు ఉందనో బయల్దేరతారు. తోడు లేకుండా మొదటిసారి వెళ్లాలంటే టెన్షన్ సహజమే. కానీ ఊరంతా మీకు తెలియాల్సిన పని లేదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకీ తెలీదు. మధురవాడలో ఉండేవాళ్లు పాత పోస్టాఫీసు వైపు వెళ్తే వాళ్లూ దారి అడుగుతారు. మీకు తెలియాల్సింది మూడు చోట్లు: ఎక్కడ దిగాలి, పని ఎక్కడ, పని అయ్యాక ఎక్కడికి చేరాలి. ఈ మూడూ ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. బస్సెక్కాక ఆలోచిద్దాం అనుకుంటేనే చిక్కు.

ముందు: ఆ పని నిజంగా విశాఖలోనేనా?

ఈ ప్రశ్న అడగక చాలామంది ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోగొట్టుకుంటున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అరకు, పాడేరు వాళ్లకి కలెక్టరాఫీసు ఇప్పుడు పాడేరులో ఉంది. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం, యలమంచిలి వాళ్లకి అనకాపల్లిలో. సాలూరు, పాలకొండ వాళ్లకి పార్వతీపురంలో. భూమి కాగితం గురించో, అర్జీ ఇవ్వడానికో వెళ్లాలంటే ముందు మీ సచివాలయంలో అడగండి. అలవాటు కొద్దీ విశాఖ కలెక్టరాఫీసు మెట్లెక్కితే మళ్లీ వెనక్కే పంపుతారు.

ఆసుపత్రి పనైతే ఇంకా జాగ్రత్తగా తేల్చుకోండి. అందరూ పెద్దాసుపత్రి అనేది కింగ్ జార్జ్ ఆసుపత్రిని, అంటే కేజీహెచ్‌ని. అది మహారాణిపేటలో ఉంది. 1923 నుంచి నడుస్తోంది. ఉత్తరాంధ్ర జిల్లాలే కాదు, పక్కనున్న ఒడిశా నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. అయితే ప్రభుత్వ వైద్యం అంతా ఆ ఒక్క ఆవరణలోనే జరగదు. కంటికి, చెవి-ముక్కు-గొంతుకి, ఛాతీ జబ్బులకి, మానసిక వ్యాధులకి విడిగా ఆసుపత్రులున్నాయి. అవి పెదవాల్తేరు, చినవాల్తేరు వైపు ఉంటాయి. ఆడవాళ్ల కోసం ఘోషాసుపత్రి వన్‌టౌన్‌లో ఉంది. విమ్స్ అనే ఇంకో ప్రభుత్వాసుపత్రి హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అనకాపల్లి వైపు నుంచి వస్తే గాజువాక కంటే ముందే, అగనంపూడిలో వస్తుంది. మీ ఊరి డాక్టరు చీటీ రాసిచ్చేటప్పుడే "ఏ ఆసుపత్రి, అందులో ఏ విభాగం, ఆ ఆసుపత్రి ఏ పేటలో ఉంది" అని అడిగి, అదే చీటీ వెనక రాయించుకోండి. డాక్టరు తొందరలో ఉంటే నర్సమ్మని అడగండి, ఆవిడ రాసిస్తుంది.

దిగే చోటు

బస్సులో వచ్చే చాలామంది ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే పెద్ద బస్టాండు దాకా వచ్చి, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి వెళ్తుంటారు. ఆ అవసరం లేదు. మీరు ఏ దారిన వస్తున్నారో తెలిస్తే మధ్యలోనే దిగొచ్చు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే బస్సులు ఎక్కువగా ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా కాంప్లెక్స్ చేరతాయి. విమ్స్‌కి వెళ్లేవాళ్లు హనుమంతవాకలోనే దిగిపోవాలి. వాల్తేరు ఆసుపత్రులకైతే మద్దిలపాలెం దగ్గర. అనకాపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లకి అగనంపూడి, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ జంక్షన్ వరసగా వస్తాయి. అరకు, ఎస్.కోట వైపు నుంచైతే కొత్తవలస, పెందుర్తి, గోపాలపట్నం దాటి ఎన్ఏడీ. సింహాచలం మొక్కు కోసమే వచ్చేవాళ్లు గోపాలపట్నంలో దిగితే కొండ కిందకి బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. టికెట్ తీసుకునేటప్పుడే కండక్టర్‌కి చెప్పండి: "బాబూ, మాకు ఫలానా చోట దింపాలి, ఊరు కొత్త." దిగే చోటుకి పది నిమిషాల ముందు ఇంకోసారి గుర్తు చేయండి. రెండుసార్లు చెప్తే విసుక్కుంటాడేమో అని మొహమాటపడొద్దు. ఆ మొహమాటం వల్లే దాటిపోతారు.

రైల్లో వచ్చేవాళ్లు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది: కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పక్కనుంచి వెళ్లిపోతాయి. టికెట్ కౌంటర్ దగ్గరే "ఈ బండి విశాఖ స్టేషన్‌లోకి వెళ్తుందా" అని అడగండి. వెళ్లకపోతే దువ్వాడలో దిగి, కూర్మన్నపాలెం వచ్చి సిటీ బస్సెక్కాలి. రెండోది: రాజమండ్రి వైపు నుంచి వచ్చి శ్రీకాకుళం వైపు సాగే రైళ్లు విశాఖలో ఆగి, ఇంజిన్ రెండో చివర తగిలించుకుని, వచ్చిన వైపే బయల్దేరతాయి. బండి వెనక్కి పోతోందని కంగారుపడి కదిలే రైల్లోంచి దిగబోయేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. బండి సరైన దారిలోనే ఉంటుంది.

ముందు రోజు రాత్రి

ఒక అట్టముక్క తీసుకోండి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైతే చాలు. దాని మీద పెద్ద అక్షరాలతో మీ పేరు, ఊరు, మండలం రాయండి. కింద రెండు ఫోన్ నంబర్లు: ఒకటి ఇంటి దగ్గర ఎప్పుడూ ఎత్తేవాళ్లది, ఒకటి విశాఖలో మీకు తెలిసినవాళ్లది. వెనక వైపు మీరు వెళ్లాల్సిన చోటు, దాని పక్క జంక్షన్ పేరు. దీన్ని ఫోన్‌తో పాటు పెట్టుకోకండి. ఫోన్ పోతే అట్ట కూడా పోతుంది. మగవాళ్లైతే చొక్కా లోపలి జేబులో, ఆడవాళ్లైతే జాకెట్లో పెట్టుకునే చిన్న పర్సులో ఉంచుకోండి. చదువు రాకపోయినా పర్లేదు, ఆ అట్ట ఎవరికి చూపించినా దారి చెప్తారు.

విశాఖలో అడ్రసు అంటే జంక్షనే. డోర్ నంబర్ చెప్తే ఆటో డ్రైవర్‌కి కూడా అర్థం కాదు. బంధువుల ఇంటికి వెళ్తుంటే వాళ్లని మూడు అడగండి: దగ్గర్లో జంక్షన్ ఏది, ఇంటి పక్కన కనబడే పెద్ద గుర్తు ఏది (గుడి, బడి, పెట్రోల్ బంకు, ఏదైనా సరే), ఏ అంతస్తులో ఏ ఫ్లాటు. ఇంకొకటి. ఈ ఊరు కొండల మధ్య ఉంది కాబట్టి రోడ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. జనం కూడా "అప్ ఎక్కి కుడికి", "డౌన్ దిగాక ఎడమకి" అని చెప్తారు. కేజీహెచ్ పక్కన ఒక రోడ్డుని కేజీహెచ్ డౌన్ అనే పిలుస్తారు. ఆ మాటలు విన్నప్పుడు తికమకపడకండి, రోడ్డు వాలు చూసుకుంటే చాలు.

డబ్బు రెండు చోట్ల పెట్టండి. దారి ఖర్చులకి పదులు, ఇరవైలు పైన. మిగతాది లోపల, రోజంతా తీయకుండా. ఐదొందల నోటుతో సిటీ బస్సెక్కితే చిల్లర దగ్గరే సగం గొడవ. ఫోన్‌పే వాడేవాళ్లకి ఒక్క మాట: పిన్ కొట్టేది మనం డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి ఎవరూ పిన్ అడగరు. "మీకు డబ్బులేస్తాను, పిన్ కొట్టండి" అన్నారంటే అది మోసం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆధార్ కార్డు అసలుది పెట్టుకోండి, రెండు జిరాక్సులు కూడా. ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. వాడుతున్న మందుల ఖాళీ అట్టలు కూడా అందులోనే వేయండి. "ఎర్ర బిళ్లలు, పొద్దునొకటి" అంటే డాక్టరుకి ఏం తెలుస్తుంది? అట్ట చూపిస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది. విశాఖలో సముద్రపు గాలికి ఉక్కపోత ఎక్కువ. లోపలూళ్ల ఎండకి అలవాటు పడ్డవాళ్లు కూడా చెమటకి నీరసపడిపోతారు. తువ్వాలు, లీటరు నీళ్ల సీసా తప్పనిసరి. సంచి ఒక్కటే ఉండాలి. రెండు సంచులు, ఒక బియ్యం మూట పెట్టుకుంటే ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఒకటి మర్చిపోతారు.

దిగిన వెంటనే

నడక మొదలుపెట్టొద్దు. కాంప్లెక్స్‌లో దిగగానే ఆటోవాళ్లు చుట్టూ చేరి "ఎక్కడికమ్మా, ఎక్కడికి" అంటారు. అది వాళ్ల బతుకుతెరువు, కోపగించుకోనక్కర్లేదు. "వద్దు బాబూ, మావాళ్లు వస్తున్నారు" అని లోపల బెంచీ మీద కూర్చోండి. నీళ్లు తాగండి. సంచి, కవరు, పర్సు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటికి ఫోన్ చేసి చేరామని చెప్పండి. ఐదు నిమిషాలు కూర్చుని చూస్తే ఏ బస్సు ఎటు పోతోందో, జనం ఎటు నడుస్తున్నారో తెలుస్తుంది, గుండెదడ తగ్గుతుంది.

రైల్వే స్టేషన్‌లో దిగినవాళ్లు ఇంకో చిక్కు తెలుసుకోవాలి. బయటికి రెండు వైపుల దారులున్నాయి. ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు ఉన్నది మెయిన్ గేటు. వెనక వైపుది జ్ఞానాపురం గేటు. మీ అబ్బాయి మెయిన్ గేటు దగ్గర, మీరు జ్ఞానాపురం వైపు నిలబడి "స్టేషన్ బయటే ఉన్నా" అని ఇద్దరూ ఫోన్లో చెప్పుకుంటూ ఉండటం రోజూ జరిగేదే. ముందే మాట్లాడుకోండి: ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీదే కలుద్దాం అని. ఫోన్ కలవకపోయినా అక్కడే ఉండాలి, కదలకూడదు. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఒకరికొకరు దొరకరు.

ఎవరిని అడగాలి

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. మీరే ఎంచుకుని, వెళ్లి అడిగినవాళ్లని నమ్మొచ్చు. మీరు అడగకుండా, తనంతట తాను వచ్చి సాయం చేస్తానన్నవాళ్లని నమ్మొద్దు.

మందుల షాపులో కుర్రాడు, ఇడ్లీ బండి దగ్గర ఆవిడ, బస్సు కండక్టరు, ట్రాఫిక్ పోలీసు, ఏటీఎం దగ్గర కూర్చున్న గార్డు, యూనిఫాం వేసుకున్న కాలేజీ పిల్లలు, వీళ్లంతా రోజూ అదే చోట ఉండేవాళ్లు. తప్పు దారి చెప్పి వాళ్లకి ఒరిగేదేం లేదు. అడిగేటప్పుడు మొత్తం కథ చెప్పక్కర్లేదు. "బాబూ, కేజీహెచ్ ఓపీకి ఎటు వెళ్లాలి?" అంటే చాలు. ఎందుకొచ్చారు, ఎవరికి బాలేదు, ఎంత డబ్బు తెచ్చారు అన్నవి దారి చెప్పడానికి అవసరం లేని సంగతులు. అలాంటివి ఎవరైనా అడుగుతుంటే అక్కడితో మాట ఆపేయండి. ఇద్దరిని అడగడం మంచిది. ఇద్దరూ ఒకటే చెప్తే నడవండి.

యాస గురించి సిగ్గుపడేవాళ్లున్నారు. విశాఖలో చాలామంది మీ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లే. మీ మాట వినగానే "ఏ ఊరు మీది? మాది ఆమదాలవలస" అని పలకరించేవాళ్లు తగులుతారు. మీరు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి.

సిటీ బస్సు, ఆటో

సిటీ బస్సు చౌక, భద్రం. నంబర్ కంటే ముందు అద్దం మీద తెలుగులో రాసిన చివరి ఊరు చూడండి. 28 నంబర్ సింహాచలానికి, 222 తగరపువలసకి, 900కె ఋషికొండ మీదుగా భీమిలికి వెళ్తాయి. ఎక్కేముందు కండక్టర్ని "ఫలానా చోట ఆగుతుందా" అని అడిగాకే కాలు పెట్టండి. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోవద్దు. నాన్‌స్టాప్ బస్సులకి, పై తరగతి బస్సులకి ఇది వర్తించదు కాబట్టి ఎక్కేముందే అడగండి.

ఆటోలు రెండు రకాలు. సర్వీస్ ఆటో ఒకే రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంది, మనిషికింత అని తీసుకుంటుంది. మొత్తం ఆటో మాట్లాడుకుంటే రేటు వేరు. ఎక్కేముందే "సర్వీసా, మొత్తమా? మనిషికెంత?" అని నోటితో అడిగి, జవాబు విన్నాకే ఎక్కండి. రేటు తెలుసుకోవాలంటే ఆటో దగ్గర కాదు, పక్క కిళ్లీ కొట్టులో అడగండి. స్టేషన్ నుంచి గానీ కాంప్లెక్స్ నుంచి గానీ కేజీహెచ్ కొద్ది కిలోమీటర్ల దూరమే. ఊరవతలికి వెళ్తున్నంత రేటు చెప్తే ఇంకో ఆటో చూసుకోండి. పిల్లలు ఫోన్లో రాపిడో, ఓలా బుక్ చేసి పంపిస్తే, బండి నంబర్ మెసేజ్‌లో ఉన్నదీ కళ్ల ముందున్నదీ ఒకటేనా అని చూశాకే ఎక్కండి.

కేజీహెచ్‌లో ఎలా నడవాలి

కేజీహెచ్ వాలు మీద కట్టిన పెద్ద ఆవరణ. బ్లాకులు చాలా ఉంటాయి, గేట్లూ ఒకటి కంటే ఎక్కువ. నడవలేని మనిషిని తీసుకొస్తుంటే ఆటోని ఓపీ గేటు దాకా తీసుకెళ్లమనండి. తప్పు గేటు దగ్గర దిగితే వాలు ఎక్కలేక అవస్థపడతారు.

ఓపీ, అంటే చేరకుండా చూపించుకుని వెళ్లే విభాగం, పొద్దున్నే మొదలవుతుంది. ఆదివారం, సెలవు రోజుల్లో ఉండదు, ఎమర్జెన్సీ మాత్రం రాత్రీపగలూ ఉంటుంది. దూరం నుంచి వచ్చేవాళ్లు పన్నెండింటికి చేరితే ఆ రోజు పోయినట్టే. అందుకే వీలైతే తెల్లవారుజాము బస్సుకో, ముందు రోజు సాయంత్రమో వచ్చేయండి.

మొదట ఓపీ చీటీ తీసుకోవాలి. ఆధార్, ఫోన్ నంబర్ అడుగుతారు. మీ ఊరి ఆసుపత్రి రాసిచ్చిన చీటీ ఇక్కడే చూపించండి, ఏ విభాగమో రాసిస్తారు. చీటీ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే ఆగి "ఏ గది, ఏ అంతస్తు" అని అడగండి. వెనక క్యూ తోస్తున్నా సరే, అడిగాకే కదలండి. ఇది వైద్య కళాశాలకి అనుబంధ ఆసుపత్రి. తెల్లకోటుతో చిన్న వయసువాళ్లు వచ్చి ముందు వివరాలు రాసుకుంటారు. పెద్ద డాక్టరు చూడటం లేదని బాధపడకండి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ముందు ఏం మందులు వాడారు అన్నది వాళ్లకి చెప్పిందే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తుంది. కాబట్టి వాళ్ల దగ్గర ఏదీ దాచొద్దు. నాటుమందు వాడి ఉంటే అదీ చెప్పండి. తిట్టినా పర్లేదు, చెప్పడమే మేలు.

రక్తపరీక్ష రాస్తే మూడు ప్రశ్నలు: పరగడుపున ఇవ్వాలా, రిపోర్టు ఎప్పుడిస్తారు, ఏ గదిలో ఇస్తారు. నాలుగోది అందరూ మర్చిపోతారు: "మళ్లీ ఏ వారం రావాలి?" ఒక్కో విభాగంలో డాక్టర్ల బృందాలకి వారాలు వేరుగా ఉంటాయి. సోమవారం చూసినవాళ్లు గురువారం ఓపీలో ఉండకపోవచ్చు. చీటీ మీద వారం పేరు రాయించుకోండి.

ఆపరేషన్ అవసరమంటే ఆరోగ్యమిత్ర డెస్క్ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి చెప్పేవాళ్లు కూర్చునే చోటు) ఎక్కడో అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చే చికిత్సలకి ఏ కాగితాలు కావాలో వాళ్లే చెప్తారు. రేషన్ కార్డు ఇంట్లో వదిలేసి రావద్దు. ఏ పెద్దాసుపత్రి బయటైనా "లైన్ లేకుండా చూపిస్తా", "ఇక్కడ లాభం లేదు, మంచి చోటుకి తీసుకెళ్తా" అనేవాళ్లు తగులుతారు. పైన చెప్పిన సూత్రమే: తనంతట వచ్చినవాడికి మీ చీటీ కూడా ఇవ్వొద్దు. రోగితో వచ్చినవాళ్లు ఇద్దరుంటే ఒకరు క్యూలో, ఒకరు రోగి దగ్గర. ఇద్దరూ ఒకేసారి రోగిని వదిలి వెళ్లకూడదు.

రోడ్డు, లిఫ్టు, కదిలే మెట్లు

గాజువాక, మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర ఉన్నది జాతీయ రహదారి. లారీలు ఆగవు. సిగ్నల్ దగ్గరే, నలుగురితో కలిసి దాటండి. పరుగెత్తొద్దు. సగం దాటాక భయపడి వెనక్కి తిరగడం అన్నిటికంటే ప్రమాదం. ఎదురు దారిలో వచ్చే బైకులుంటాయి, రెండు వైపులా చూడండి.

లిఫ్టులో పైకి బాణం నొక్కి, లోపలికి వెళ్లాక అంతస్తు నంబర్ నొక్కాలి. తలుపు మూసుకుంటుంటే చెయ్యి పెట్టొద్దు, ఇంకోసారి వస్తుంది. రైల్వే స్టేషన్‌లో, పెద్ద షాపుల్లో కదిలే మెట్లుంటాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పక్క పట్టీ మీద చెయ్యి వేసి, మెట్టు మధ్యలో కాలు పెట్టండి. భయమేస్తే ఎక్కొద్దు. పక్కనే మామూలు మెట్లు ఉంటాయి.

తిండి, పడక

అన్న క్యాంటీన్లు నగరంలో చాలా చోట్ల ఉన్నాయి. పూటకి 5 రూపాయలు. ఆదివారం ఉండవు. తినే వేళకి కాస్త ముందే వెళ్తే మంచిది, చివర్లో అయిపోవచ్చు. హోటల్లో అయితే కూర్చునేముందే గోడ మీద రేట్లు చూసుకోండి, లేకపోతే అడగండి. ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లు ఆ రోజుకి ఇడ్లీ, పెరుగన్నం లాంటివే తినడం మేలు.

రాత్రి ఉండాల్సొస్తే కాంప్లెక్స్ చుట్టుపక్కల, స్టేషన్ దగ్గర లాడ్జీలున్నాయి. ఆధార్ అడుగుతారు. గది చూశాకే డబ్బివ్వండి, రసీదు తీసుకోండి, ఎన్నింటికి ఖాళీ చేయాలో అడగండి. చాలా లాడ్జీల్లో 24 గంటల లెక్క, కొన్నిట్లో పొద్దున్నే ఖాళీ చేయాలి. లోపల గడియ సరిగ్గా పడుతుందో లేదో వేసి చూడండి.

సముద్రం చూడాలని ఉంటే

తప్పకుండా చూడండి. ఆసుపత్రి పని మీద వచ్చినా సరే, ఒక గంట కుదిరితే ఆర్కే బీచ్‌కి వెళ్లిరండి. కేజీహెచ్ నుంచి అది దగ్గరే. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కాబట్టి పొద్దున్నే చల్లగా, జనం కాస్త పలచగా ఉన్నప్పుడు వెళ్తే బాగుంటుంది. ఒడ్డు మీదే కురుసుర జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142 యుద్ధవిమానం ఉన్నాయి. పిల్లలుంటే టికెట్ తీసుకుని లోపలికి తీసుకెళ్లండి. కురుసుర సోమవారం మూసేస్తారు. సాయంత్రమైతే బీచ్‌లో మురీ మిక్చర్ కొనుక్కోండి. మరమరాల్లో ఉల్లిపాయలు, నిమ్మరసం వేసి కళ్ల ముందే కలిపి పొట్లం కట్టిస్తారు.

కానీ నీళ్లలోకి దిగకండి. ఈ మాట ప్రతి అక్షరం ఆలోచించే చెప్తున్నాను. ఏటిలో, చెరువులో చిన్నప్పటి నుంచి ఈదిన మొగపిల్లలు కూడా ఇక్కడ ప్రమాదంలో పడతారు. చెరువులో నీళ్లు నిలబడి ఉంటాయి. ఇక్కడ కెరటం విరిగాక వెనక్కి వెళ్లే నీరు కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. నిలబడ్డ చోటే పాదం కిందకి దిగిపోవడం మీకే తెలుస్తుంది. ఆర్కే బీచ్‌లో ఒడ్డు వాలుగా ఉండి లోతు చప్పున వస్తుంది. రెండు అడుగులు ముందుకేస్తే మోకాలి నీరు నడుము దాటుతుంది. వరసగా వచ్చే కెరటాల్లో ఒకటి మిగతావాటి కంటే పెద్దది వస్తుంది, అది చెప్పి రాదు.

కాళ్లు తడుపుకోవాలనుకుంటే పాదాలు తడిసే దగ్గరే ఆగండి. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు. పట్టుకోవాల్సింది వేళ్లు కాదు, మణికట్టు. చెప్పు కొట్టుకుపోతే పోనివ్వండి, దాని కోసం దిగొద్దు. రాళ్ల మీద పాచి ఉంటుంది, వాటి మీదకి ఎక్కొద్దు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట జనం దిగి ఆడుతున్నా మీరు దిగొద్దు. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. కేకలేసి లైఫ్‌గార్డులని, జాలర్లని పిలవండి, తాడో ఖాళీ డబ్బానో విసరండి. 112కి ఫోన్ చేయండి. కార్తీక మాసంలో సముద్ర స్నానం మొక్కు ఉన్నవాళ్లు ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకుంటే సరిపోతుంది, పుణ్యం తగ్గదు.

సింహాచలం వెళ్లేవాళ్లు మొదటిసారి చందనోత్సవం రోజున గానీ, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ రోజున గానీ రాకపోవడం మంచిది. చందనోత్సవం జరిగే అక్షయ తృతీయ నాడే స్వామి నిజరూప దర్శనం కాబట్టి ఆ రోజు జనం లెక్కకి మించి ఉంటారు. మామూలు రోజున పొద్దున్నే వస్తే ప్రశాంతంగా దర్శనం అవుతుంది. కొండ మీదకి బస్సుంది, మెట్లదారీ ఉంది.

తిరుగు ప్రయాణం

కాంప్లెక్స్‌లో పొద్దున దిగినప్పుడే విచారణ కౌంటర్‌లో అడిగి పెట్టుకోండి: మా ఊరి వైపు చివరి బస్సు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫాం దగ్గర ఆగుతుంది. చివరి బస్సు కాదు, దానికి ముందు బస్సు మీ బస్సు అనుకోండి. చివరిది తప్పిపోతే రాత్రి లాడ్జీ ఖర్చు. మండల కేంద్రంలో దిగాక మీ పల్లెకి ఆటో దొరికే వేళ కూడా లెక్కలో పెట్టుకోవాలి. చీకటి పడ్డాక అక్కడ ఆగిపోతే విశాఖలో కంటే ఎక్కువ ఇబ్బంది.

బస్సెక్కేముందు ప్లాస్టిక్ కవరు తెరిచి ఒక్కొక్కటీ చూసుకోండి: ఓపీ చీటీ, రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు, మందులు. మందులు ఎలా వేసుకోవాలో మందుల షాపులో అడిగి, అట్ట మీద పెన్నుతో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాయించుకోండి. మళ్లీ రావాల్సిన తేదీ, వారం ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో చుట్టి పెట్టమని బస్సులోంచే ఫోన్ చేసి చెప్పండి. మీరు వెళ్లేసరికి ఆ పని అయిపోవాలి.